పాట పాడి పశువులు, వేలం పాడి పొలాలు

కౌబాయ్ సినిమాల్లో పశువుల దొంగ అనగానే ఓ రూపం గుర్తొస్తుంది: మొహానికి రుమాలు, నడుముకి తుపాకి, గుర్రం వెనక దుమ్ము. ‘హోమ్ ఆన్ ద రేంజ్’ అనే బొమ్మల సినిమాలో దొంగకి ఆ హంగులేవీ అక్కర్లేదు. నడిరాత్రి మంద దగ్గరికి ఓ పెద్ద దున్న మీద ఎక్కి వస్తాడు. నోరు తెరిచి యోడలింగ్ ఎత్తుకుంటాడు. గొంతు పైస్థాయికి ఎగిరి దభీమని కిందకి పడి మళ్లీ ఎగురుతుంటుంది. ఆవుల కళ్లు గిర్రున తిరుగుతాయి, ఒంటి రంగులు హోలీ ఆడినట్టు మారిపోతాయి. వరసలు కట్టి, చిందులేస్తూ, అతని వెనకే నడిచిపోతాయి. తెల్లారేసరికి దొడ్లు ఖాళీ.

పేరు అలమీడా స్లిమ్. డిస్నీ 2004లో విడుదల చేసిన ఈ సినిమాకి విల్ ఫిన్, జాన్ శాన్‌ఫోర్డ్ దర్శకులు, ఆలన్ మెంకెన్ సంగీతం. స్లిమ్ మాటలకి గొంతు ఇచ్చింది రాండీ క్వెయిడ్. ఆ యోడలింగ్ మాత్రం రాండీ ఎర్విన్, కెర్రీ క్రిస్టెన్సెన్ అనే ఇద్దరు నిపుణులది. సినిమా పెట్టిన డబ్బుకి తగ్గట్టు ఆడలేదు. చేత్తో గీసిన బొమ్మల సినిమాలు ఇక చాలనుకుని కంప్యూటర్ బొమ్మల వైపు వెళ్లిపోతున్న రోజుల్లో వచ్చిందేమో, డిస్నీ వాళ్లు కూడా దాన్ని పెద్దగా తలుచుకోరు. నిజం చెప్పాలంటే సినిమా సగం జోకులు పేలవు. కానీ విలన్‌ని ఆలోచించిన తీరు చూస్తే, ఇది పిల్లల సినిమాలో అనుకోకుండా దొరికే సరుకు కాదనిపిస్తుంది. పాట పాడి పశువుల్ని దోచే దొంగగా అతన్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు. అసలు మోసం ఆ పాట అయిపోయాక మొదలవుతుంది.

కథ ఇలా నడుస్తుంది. డిక్సన్ అనే రాంచ్ (పశువుల్ని పెంచే పొలం) యజమాని పశువులన్నీ స్లిమ్ తోలుకుపోయాడు. మిగిలింది మ్యాగీ అనే ఒక్క ఆవు. పశువులు లేని రాంచ్ నిలవలేదు. డిక్సన్ మ్యాగీని పెర్ల్ అనే ముసలావిడ చిన్న పాడికొట్టానికి అప్పగించాడు. పెర్ల్‌కీ బ్యాంకు అప్పుంది: 750 డాలర్లు, మూడు రోజుల్లో కట్టాలి, లేదంటే పొలం వేలం. మ్యాగీ, మిసెస్ కాలొవే, గ్రేస్ అనే మూడు ఆవులు డబ్బు కోసం బయల్దేరతాయి. సరిగ్గా 750 డాలర్లే స్లిమ్ తల మీద బహుమానం. (పిల్లల సినిమాల్లో లెక్కలు ఇలాగే పైసా తేడా లేకుండా కలుస్తాయి, దానికి నాకు అభ్యంతరం లేదు.)

గనిలో ఉన్న స్లిమ్ స్థావరంలో సంగతి బయటపడుతుంది. తోలుకొచ్చిన పశువుల్ని వెస్లీ అనే దొంగ బేరగాడికి అమ్ముతాడు. మంద పోయిన రైతు వాయిదా కట్టలేడు. బ్యాంకు పొలాన్ని వేలానికి పెడుతుంది. ఆ వేలానికి యాన్సీ ఒడెల్ అనే పెద్దమనిషి వస్తాడు: సూటు, టోపీ, మీసం, జేబు నిండా డబ్బు. ఆ పెద్దమనిషి స్లిమ్మే. రైతు పశువుల్ని అమ్మగా వచ్చిన డబ్బుతోనే రైతు పొలాన్ని పాడుకుంటాడు. గోడ మీద పటం ఉంటుంది. ఒక్కో రాంచ్ చేతికొస్తుంటే పటం నిండుతుంటుంది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. దొంగతనం ఒక చోట, రాత్రి జరుగుతుంది. కొనుగోలు ఇంకో చోట, పట్టపగలు, ప్రభుత్వోద్యోగి ఎదుట, రసీదుతో జరుగుతుంది. రెంటికీ మధ్య బ్యాంకు నోటీసు ఉంటుంది, షెరీఫ్ ఉంటాడు, గడువు ఉంటుంది. షెరీఫ్ దొంగ కోసం వెతుకుతున్నాడు, బ్యాంకు బాకీ కోసం చూస్తోంది, వేలం నిర్వహించేవాడు ఎక్కువ పాటగాడి కోసం చూస్తున్నాడు. ఎవరి పని వాళ్లు సక్రమంగా చేస్తున్నారు. ఆ పనులన్నీ ఒకే మనిషికి లాభం తెస్తున్నాయని చూసే కుర్చీలో ఎవరూ లేరు. ఈ ఖాళీలోనే స్లిమ్ బతుకుతున్నాడు. మామూలు బందిపోటు చట్టాన్ని తప్పించుకు తిరుగుతాడు. ఇతను చట్టం చేత సగం పని చేయించుకుంటాడు. రికో అనే పేరుమోసిన వేటగాడు, దొంగల్ని పట్టి బహుమానాలు పుచ్చుకునేవాడు, అతనూ స్లిమ్ జీతగాడేనని చివర్లో తెలుస్తుంది. అంటే పట్టుకునే చెయ్యి కూడా కొనేశాడన్నమాట.

మారువేషం సంగతి మరీ తమాషా. స్లిమ్‌కి ముగ్గురు మేనల్లుళ్లు. మామ వాళ్ల కళ్లముందే సూటు తొడుక్కుని మీసం పెట్టుకుంటే, ‘ఈ కొత్తాయన ఎవడు, మామ ఎక్కడికి పోయాడు’ అని గాభరా పడతారు. టోపీ తీస్తే హమ్మయ్య అనుకుంటారు. మళ్లీ పెడితే మళ్లీ గాభరా. పిల్లలు ఈ సన్నివేశానికి పడీపడీ నవ్వుతారు, ఎందుకంటే తమకి తెలిసింది ఆ మొద్దులకి తెలియట్లేదు. కానీ ఊళ్లో ఉన్నవాళ్లూ అంతేగా? షెరీఫ్ దగ్గర స్లిమ్ బొమ్మ వేసిన వాంటెడ్ కాగితం ఉంది. వేలంలో అదే ఆకారం, అదే గొంతు. ఊరు మొత్తం ఆ మేనల్లుళ్ల తెలివితోనే ఉంది. సూటు వేసుకుని డబ్బు పట్టుకొచ్చినవాడిని దొంగేమోనని ఎవరూ పోల్చి చూడరు. నవ్వించే జోకు కింద అంత పెద్ద మాట దాచి, సినిమా దాన్ని పైకి చెప్పకుండా దాటిపోతుంది.

పాట విషయానికి వద్దాం. ‘శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః’ అని విని పెరిగినవాళ్లం, పాటకి పశువు లొంగుతుందంటే మనకి వింత కాదు. అమెరికన్ పశుకాపరులకి అది రోజువారీ పని కూడా. మందల్ని వందల మైళ్లు తోలుకెళ్లే రోజుల్లో రాత్రి కాపలా వాళ్లు మంద చుట్టూ గుర్రం మీద నెమ్మదిగా తిరుగుతూ పాడేవాళ్లు. చీకట్లో ఉన్నట్టుండి ఓ చప్పుడైతే మంద బెదిరి పరుగందుకుంటుంది, అడ్డొచ్చినవాడు ఇక లేవడు. ఎడతెగని మనిషి గొంతు వినబడుతుంటే పశువుకి నిబ్బరం. స్లిమ్ పాట ఆ రాత్రి కాపలా పాటనే తిరగేసింది: పశువుని నిలబెట్టే పాట పశువుని లేవదీసుకుపోయే పాటయింది.

యోడలింగ్ పుట్టిల్లు మాత్రం టెక్సాస్ కాదు, ఆల్ప్స్ పర్వతాలు. ఛాతీ గొంతు నుంచి సన్న గొంతుకి ఒక్క గెంతులో వెళ్లి అదే వేగంతో దిగిరావడం దాని కిటుకు. మామూలు గాయకుడు ఆ రెంటి మధ్య అతుకు కనబడకుండా సాధన చేస్తాడు. యోడలర్ ఆ అతుకునే ఎత్తి చూపిస్తాడు. కొండ లోయల్లో పశువుల్ని, అవతలి కొండ మీది మనుషుల్ని పిలవడానికి పనికొచ్చిన గొంతు అది. 1830, 40లలో ఆల్ప్స్ ప్రాంతపు గాయక బృందాలు అమెరికా వచ్చి కచేరీలు చేశాయి, తర్వాత నాటకశాలల్లో అది వినోదమైంది. 1927 నవంబరులో రైల్వేలో పనిచేసిన జిమ్మీ రోడ్జర్స్ తన మొదటి ‘బ్లూ యోడల్’ రికార్డు చేశాక దేశమంతా ఆ గొంతు పట్టుకుంది. 1930లలో జీన్ ఆట్రీ, ఆ తర్వాత రాయ్ రోజర్స్ లాంటి ‘పాడే కౌబాయ్’లు తెర మీద యోడలింగ్ చేశారు. తెల్ల టోపీ, శుభ్రమైన చొక్కా, గిటారు: పాడుతున్నాడంటే మంచివాడని ప్రేక్షకుడికి గుర్తు. స్లిమ్‌ని తయారుచేసినవాళ్లు ఆ నాయకుడి లక్షణాన్ని తీసి దొంగకి పెట్టారు. అమెరికాలో ఆ పాత సినిమాలు చూసిన తాతకి ఇది చిలిపి పని. మనవడికి అది తెలియదు, వాడికి రంగుల ఆవులు చాలు.

మోసగాడి కథల్లో మంత్రం ఎంత గట్టిదైనా ఓ చిల్లు ఉండాలి. ఇక్కడ ఆ చిల్లు గ్రేస్. ఆమెకి శ్రుతి తెలియదు. పాడితే పక్కవాళ్లు చెవులు మూసుకుంటారు, వింటే ఏదైనా ఒకటే. అందుకని స్లిమ్ పాట ఆమె మీద పనిచేయదు. మిగతా రెండు ఆవులూ తెలివైనవి, ధైర్యం కలవి, చక్కగా మాయలో పడతాయి. సంగీతం తెలిసినవాళ్లే పడే వల ఇది. నాకు సినిమాలో అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే.

ఇంత శ్రమ ఎందుకు పడుతున్నాడు? స్లిమ్ ఒకప్పుడు ఈ రాంచ్‌ల్లోనే జీతానికి పనిచేశాడు. అతని పాటని యజమానులు వెక్కిరించారు, పనిలోంచి గెంటేశారు. తన కళకి గౌరవం ఇవ్వనివాళ్ల పొలాలన్నీ ఒకటొకటిగా కొనడం అతని పగ. మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరుకి మంత్రం ఉంది గాని ఫిర్యాదు లేదు. స్లిమ్‌కి ఫిర్యాదుంది, అదీ పూర్తిగా అబద్ధం కాదు. దాన్ని సినిమా నాలుగు మాటల్లో ముగించేసింది. ఇంకాస్త ఉంటే విలన్ ఇంకాస్త బరువెక్కేవాడు.

ఇప్పుడు చరిత్ర. నిజంగా అమెరికా పశ్చిమంలో పశువుల దొంగ, భూముల దొంగ ఒకే మనిషిలో కనబడడం అరుదు. పైగా ఆ ఇద్దరూ ఎదురెదురు పక్షాలు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం అయిదేళ్లు నివాసముండి సాగు చేసుకుంటే 160 ఎకరాల ప్రభుత్వ భూమి దఖలుపడుతుంది. పెద్ద పశువుల కంపెనీలకి ఆ గడ్డి బయళ్లన్నీ కావాలి, ముఖ్యంగా నీటి ఒడ్డు భూములు. ఏరు చేతిలో ఉంటే చుట్టూ పదివేల ఎకరాల బీడు చేతిలో ఉన్నట్టే. దాంతో బినామీల వ్యాపారం లేచింది. జీతగాళ్ల పేర్న దరఖాస్తులు పెట్టించడం, పట్టా రాగానే రాయించుకోవడం మామూలైంది. ఇల్లు కట్టినట్టు సాక్ష్యం చెప్పడానికి చక్రాల మీద ఓ గుడిసె, ఈ వారం ఈ స్థలంలో, పై వారం పక్క స్థలంలో. ‘పన్నెండు బై పద్నాలుగు ఇల్లు ఉంది’ అని ప్రమాణం చేసి, అడుగులో అంగుళాలో చెప్పకుండా బొమ్మరిల్లు పెట్టిన కథలు ఆ రోజుల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. యాన్సీ ఒడెల్‌కి పూర్వీకులు వీళ్లు.

పశువుల దొంగలు లేరని కాదు. పశువు ఒంటి మీద యజమాని గుర్తుగా వేసే ముద్రకి కాల్చిన ఇనప కడ్డీతో ఓ గీత కలిపి యజమానిని మార్చేసినవాళ్లు బోలెడుమంది. కానీ ఆ పేరు ఎవరి మీద పడుతుందన్నది ఇంకో లెక్క. 1884లో అమెరికా పశ్చిమాన ఉన్న వయోమింగ్‌లో ముద్ర లేని దూడల గురించి చట్టం చేశారు: అలాంటి దూడలన్నీ పెద్ద పశుపోషకుల సంఘం ఆధీనంలోకి వెళ్లాలి, సంఘమే వేలం వేయాలి. చిన్న రైతు బయట తిరిగే దూడని పట్టి ముద్ర వేసుకుంటే దొంగ.

ఎల్లా వాట్సన్ కథ ఈ మొత్తాన్ని దగ్గరనుంచి చూపిస్తుంది. వయోమింగ్‌లో స్వీట్‌వాటర్ లోయలో 160 ఎకరాలకి దరఖాస్తు పెట్టుకుని, ఇల్లు కట్టుకుని, చిన్న మంద పెంచుకుంటున్న ఆడమనిషి. ఆ భూమి మీదుగా పోయే నీళ్లు ఆల్బర్ట్ బాత్‌వెల్ అనే పెద్ద పశుపోషకుడికి కావాలి. ఆమె అమ్మనంది. ముద్ర కోసం అర్జీ పెడితే తిరస్కరించారు, వేరొకరి ముద్ర కొనుక్కుంది. పొరుగున ఉన్న జిమ్ అవెరిల్ పెద్ద భూస్వాముల కబ్జాల మీద పత్రికకి ఘాటుగా ఉత్తరం రాశాడు. 1889 జులై 20న బాత్‌వెల్, అతని తోటి పశుపోషకులు కలిసి ఇద్దర్నీ బండెక్కించుకుని తీసుకెళ్లి చెట్టుకి ఉరేశారు. ఆమె దూడల్ని దొంగిలించిందన్నారు. పత్రికలు ఆమెని పశువుల దొంగగా, చెడిపోయినదానిగా చిత్రించాయి, ఆమెకి ఎప్పుడూ లేని ‘క్యాటిల్ కేట్’ అనే పేరు తగిలించాయి. సాక్షులు కొందరు మాయమయ్యారు, ఒకరిద్దరు చచ్చిపోయారు. ఎవరికీ శిక్ష పడలేదు. ఆ భూములు తర్వాత బాత్‌వెల్ చేతికొచ్చాయి. మూడేళ్లకి, 1892 ఏప్రిల్లో, అదే వయోమింగ్‌లో పెద్ద పశుపోషకులు బయటి నుంచి కిరాయి తుపాకుల్ని రైలెక్కించి తెచ్చి, ‘దొంగల జాబితా’ పట్టుకుని జాన్సన్ కౌంటీ మీదికి దండెత్తారు.

అంటే చరిత్రలో భూమి లాక్కునేవాడు ఎదుటివాడిని పశువుల దొంగ అన్నాడు. ‘హోమ్ ఆన్ ద రేంజ్’ చేసిన పని ఆ రెండు పాత్రల్నీ ఒకే ఒంటిలో కుట్టేయడం. దొంగా దొంగా అని అరిచే గొంతు, పారిపోయే కాళ్లు రెండూ స్లిమ్‌వే. తెలిసి చేశారో, కథకి మలుపు కావాలని చేశారో గాని, ఆ అతుకు దగ్గరే ఈ పాత్రకి ప్రాణం ఉంది. మనకి ఇది మరీ కొత్త కూడా కాదు. విరాటపర్వంలో సుయోధనుడు మత్స్యరాజ్యం మీదికి రెండు వైపుల గోగ్రహణం చేయించింది పాడి కోసమా? మందని తోలితే రాజు ఒకవైపు పరిగెడతాడు, ఇంకోవైపు ఖాళీ అవుతుంది, దాక్కున్న పాండవులుంటే బయటికొస్తారు. పశువు ఎర, కావలసింది వేరు.

స్లిమ్ మీద ఇంత మెచ్చుకోలు చెప్పాక ఓ పేచీ. సినిమాలో వేషం ఊడగానే అంతా సర్దుకుంటుంది. బహుమానం 750 పెర్ల్ చేతికొస్తుంది, అప్పు తీరిపోతుంది, పాడికొట్టం నిలబడుతుంది. మరి డిక్సన్ రాంచ్? పటం మీద నిండిపోయిన మిగతా పొలాలు? ఎవరి పశువులు అమ్ముడయ్యాయో వాళ్ల సంగతి? మూడు రోజుల గడువు పెట్టిన బ్యాంకుని ఎవరూ ఒక్క మాట అనరు. మోసగాడు ఒక్కడే అయితే వాడిని పట్టుకుంటే చాలు. వాడికి పనికొచ్చిన ఏర్పాటు అలాగే ఉంటుంది, ఇంకో యాన్సీ ఒడెల్ కోసం. పిల్లల సినిమాని ఇంత సాగదీయాలా అంటారా? అప్పు, వాయిదా, వేలం అన్నవి కథలోకి తెచ్చింది వాళ్లే. తెచ్చాక అడగడం తప్పు కాదు.

ఈ వరసలో ఇంకో ఇద్దర్ని చూస్తే పోలిక తేలుతుంది. 1991లో వచ్చిన ‘ఫీవెల్ గోస్ వెస్ట్’లో క్యాట్ ఆర్. వాల్ అనే పిల్లి. జాన్ క్లీజ్ గొంతు, పెద్దింటి మర్యాద, మెత్తటి మాట. కౌబాయ్ ఎలుక వేషంలో ఓ తోలుబొమ్మని ఆడించి, పడమరకి వెళ్తే పిల్లులూ ఎలుకలూ కలిసిమెలిసి బతుకుతాయని ఊరి ఎలుకల్ని నమ్మించి రైలెక్కిస్తాడు. అక్కడ వాటి చేతే ఊరు కట్టించి, చివరికి బోనులో పెట్టాలని పన్నాగం. తడిగుడ్డతో గొంతు కోసే రకం. రైల్వే కంపెనీలు తమకి దక్కిన భూములు అమ్ముకోవడానికి ఐరోపా ఊళ్లలో పంచిన రంగురంగుల కరపత్రాలు, ‘నాగలి దున్నిన చోటికి వాన వెంటపడి వస్తుంది’ అన్న 1880ల నినాదం గుర్తొస్తాయి. నెబ్రాస్కా, కాన్సాస్ ఎండు భూములకి అది నమ్మి వెళ్లినవాళ్లు చాలామంది కరువుకి తిరుగుబండి ఎక్కారు.

రెండోది 2011 ‘రాంగో’లో ముసలి తాబేలు మేయర్. ముగ్గురిలో నా ఓటు ఇతనికే. డర్ట్ అనే ఎడారి ఊళ్లో నీళ్లే డబ్బు, బ్యాంకులో దాచేది నీళ్లే. మేయర్ గొట్టం మర కట్టేసి ఊరిని ఎండబెడతాడు, గొంతెండినవాళ్లు భూమి అమ్ముకుంటారు, కొనేది అతనే. పాట లేదు, మీసం లేదు, మారువేషం అసలే లేదు, చక్రాల కుర్చీలో కూర్చుని జనానికి ధైర్యం చెబుతుంటాడు. స్లిమ్ పద్ధతే ఇది, పశువు బదులు నీరు. మన తెలుగు కౌబాయ్ 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’గా వచ్చినట్టే, రాంగో కూడా మోసగాడి మీదికి వదిలిన మోసగాడు: పేరుమోసిన తుపాకీ వీరుణ్నని అబద్ధాలాడి షెరీఫ్ అయిన నటుడు.

ఆ మేయర్ వెనక నిజమైన నీళ్ల కథ ఒకటుంది. లాస్ ఏంజెలెస్ మాజీ మేయర్ ఫ్రెడ్ ఈటన్ 1905 ప్రాంతంలో కాలిఫోర్నియాలోనే నగరానికి ఉత్తరాన ఉన్న ఓవెన్స్ లోయకి వెళ్లి రాంచ్‌లు, వాటి నీటి హక్కులు కొన్నాడు. ఫెడరల్ ప్రభుత్వం అక్కడ రైతుల కోసం సాగునీటి పథకం ఆలోచిస్తోంది. ఈటన్ ఆ పని మీదే వచ్చాడని లోయలో చాలామంది అనుకున్నారు, అతను ఆ అపోహని చెరపలేదు. నీళ్లు నగరానికి పోతున్నాయని తెలిసేసరికి కాగితాలు అయిపోయాయి. 1913 నవంబరు 5న 230 మైళ్ల పైచిలుకు కాలువ తెరుచుకుంది. దాన్ని కట్టించిన ఇంజనీరు విలియం ముల్‌హాలండ్ ఆ రోజు పొడవైన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు, నీళ్లొచ్చాయి తీసుకోండి అన్నాడు. 1920లలో లోయ రైతులు కాలువని డైనమైట్‌తో పేల్చారు, 1924లో ఓ గేటు దగ్గర కూర్చుని నీళ్లని మళ్లించారు. ఆగలేదు.

ఈటన్ తన వాటాగా ఆ లోయకి ఎగువన ఉన్న లాంగ్ వ్యాలీలో పెద్ద రాంచ్ అట్టేపెట్టుకున్నాడు. ఆనకట్టకి అనువైన చోటు అదే, నగరం ఎప్పుడో ఒకప్పుడు తన దగ్గరికి రాక తప్పదని లెక్క. పది లక్షల డాలర్లు అడిగాడు. పాత స్నేహితుడు ముల్‌హాలండ్ ఇవ్వనన్నాడు, ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. 1927లో ఓవెన్స్ లోయ ఉన్న ఇన్యో కౌంటీలో బ్యాంకులు కూలిపోయాయి. వాటి అప్పుల్లో ఈటన్ రాంచ్ కూడా చిక్కుకుంది. 1934లో ఆయన పోయేనాటికి ఆ భూమి లాస్ ఏంజెలెస్ నగరానిదైపోయింది, ఆయన అడిగిన ధరకి చాలా తక్కువకి.